బ్రాడీపేట జిరాక్సు నోట్సులో 19వ శతాబ్దపు ఉదారవాదం: చదవాల్సిన పేజీలు, కొట్టేయాల్సిన పేజీలు

గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల ఉన్న జిరాక్సు షాపుల్లో ‘వరల్డ్ హిస్టరీ, లిబరలిజం సెట్టు’ అని అడిగితే చాలు, వెనక అర నుంచి తీసి ఇస్తారు. అట్ట మీద సంస్థ పేరు ఉండదు, రాసినవాళ్ల పేరూ ఉండదు. ఏ4 సైజు, రెండు వైపులా ప్రింటు, 148 పేజీలు, స్పైరల్ బైండింగు, ధర 220 రూపాయలు. విజయవాడ ఏలూరు రోడ్డులో ఇదే సెట్టుకు 250 అడుగుతున్నారు, లోపల తేడా ఏమీ లేదు. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాసేవాళ్లు, హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు, బీఏ పొలిటికల్ సైన్సు వాళ్లు ఎక్కువగా కొంటున్నారు.

కొనొచ్చు. తెలుగులో ఈ విషయం మీద ఒక్క చోట ఇంత సమాచారం దొరకడం అరుదు. అయితే బట్టీ పట్టడానికి మాత్రం పనికిరాదు. పేర్లు, సంవత్సరాలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. లోపం ఇంకోచోట ఉంది: ఈ నోట్సులో ప్రతి హక్కూ ‘ప్రజలకు’ వచ్చినట్టే రాశారు. ఆ హక్కు ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎంత ఆస్తి ఉంటే వచ్చింది అన్న లెక్క ఎక్కడా కనిపించదు. వ్యక్తి స్వేచ్ఛ, ఆస్తి హక్కు, రాజ్యాంగ పాలన కావాలన్న 19వ శతాబ్దపు ఉదారవాదం (లిబరలిజం) అర్థమయ్యేది ఆ లెక్కలోనే. పరీక్షలో ‘విమర్శనాత్మకంగా చర్చించండి’ అని అడిగేదీ దాన్నే.

మొదటి 26 పేజీలు 1800కి ముందు సంగతులు. జాన్ లాక్, ఆడం స్మిత్, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, 1789 ఫ్రెంచి మానవ హక్కుల ప్రకటన. తప్పులేమీ లేవు, కానీ అంత అక్కర్లేదు, నాలుగు పేజీలు చాలు. లాక్ 17వ శతాబ్దం వాడు. 19వ శతాబ్దం ప్రశ్నకు ఆయనతో మొదలుపెట్టి పావు జవాబు ఆయనకే ఖర్చు పెట్టే అలవాటు ఇలాంటి నోట్సుల వల్లే వస్తోంది. ఇక్కడ అసలు ఉండాల్సిన మనిషి ఫ్రాన్స్ రాజకీయ ఆలోచనాపరుడు బెంజమిన్ కాన్‌స్టాంట్. ఆయన పేరు ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ బ్రాకెట్లో. 1819లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో కాన్‌స్టాంట్ స్వేచ్ఛను రెండుగా విడదీశాడు. పాతకాలపు గ్రీకు నగరాల్లో స్వేచ్ఛ అంటే అందరూ కలిసి పాలనలో పాల్గొనడం. అక్కడ మనిషి సొంత బతుకు మీద నగరానికి పూర్తి అధికారం ఉండేది. ఆధునిక స్వేచ్ఛ అంటే ప్రభుత్వం జోక్యం లేకుండా మనిషి తన నమ్మకాన్ని, తన ఆస్తిని, తన పనిని తాను చూసుకోవడం. ఈ విభజన ఆ ఏళ్లలోనే ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతా శతాబ్దమంతా తేలిగ్గా పట్టుబడుతుంది. ఆ తరం ముందు విప్లవ కాలంలో తలలు నరికిన గిలటిన్‌ను చూసింది, తర్వాత నెపోలియన్‌ను చూసింది. రాజు నిరంకుశత్వం అంటే ఎంత భయమో, గుంపు పేరుతో వచ్చే నిరంకుశత్వం అన్నా వాళ్లకు అంతే భయం. అందుకే రాజ్యాంగం కావాలన్నారు, పత్రికా స్వేచ్ఛ కావాలన్నారు, ఓటు మాత్రం అందరికీ వద్దన్నారు.

ఈ మూడో ముక్క నోట్సులో లేదు. దాంతో ఫ్రాన్స్ అధ్యాయం మొత్తం ఒక పక్కకు ఒరిగింది.

34వ పేజీలో నెపోలియన్ కోడ్ (1804) గురించి ‘చట్టం ముందు అందరూ సమానులే’ అని లావు అక్షరాల్లో వేశారు. పుట్టుకను బట్టి వచ్చే ప్రత్యేక హక్కులు పోయాయి, నిజమే. కానీ అదే కోడ్‌లోని 213వ అధికరణ భార్య భర్తకు విధేయురాలిగా ఉండాలంటుంది. 1781వ అధికరణ ప్రకారం కూలి విషయంలో యజమానికీ పనివాడికీ తగాదా వస్తే యజమాని మాటే ప్రమాణం. ఈ అధికరణ 1868 దాకా చెల్లింది. దీనికి 1791 నాటి లె షపెలియే చట్టం కూడా కలపాలి. గిల్డులు (పాత వృత్తి సంఘాలు) రద్దు చేసి, ఎవరి ఇష్టమొచ్చిన వృత్తి వాళ్లు చేసుకోవచ్చన్న తరంలోనే పనివాళ్లు సంఘంగా కూడటం నేరమని ఈ చట్టం చెప్పింది. వ్యక్తికీ రాజ్యానికీ మధ్య ఏ గుంపూ ఉండకూడదన్నది అప్పటి తర్కం. ఫ్రాన్స్‌లో సమ్మె నేరం కాకుండా పోయింది 1864లో, కార్మిక సంఘాలకు చట్టబద్ధత వచ్చింది 1884లో. 34వ పేజీ అంచున ఈ నాలుగు అంశాలు పెన్నుతో రాసుకుంటే ఆ పేజీకి విలువ వస్తుంది.

ఓటు అర్హతల పట్టిక 41వ పేజీలో ఉంది. 1814 చార్టర్ (రాజు ఇచ్చిన రాజ్యాంగం), 1830 జులై విప్లవం తర్వాతి సవరణ, రెండూ ఒకే గడిలో పడ్డాయి. సరైన లెక్క ఇది: 1814 ప్రకారం ఓటరుకు 30 ఏళ్లు నిండాలి, ఏటా 300 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టాలి, అభ్యర్థికి 40 ఏళ్లు, 1000 ఫ్రాంకులు. 1830 తర్వాత ఓటరుకు 25 ఏళ్లు, 200 ఫ్రాంకులు, అభ్యర్థికి 30 ఏళ్లు, 500 ఫ్రాంకులు. ఇంత సడలించినా సుమారు మూడున్నర కోట్ల జనాభాలో ఓటర్లు 1846 నాటికి రెండున్నర లక్షల లోపే. 1848 విప్లవం మగవాళ్లందరికీ ఓటిచ్చేసరికి ఆ సంఖ్య ఒక్కసారిగా 90 లక్షలకు చేరింది. ఉదారవాదులకూ ప్రజాస్వామ్యవాదులకూ తేడా ఏమిటని అడిగితే ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే సరిపోతుంది, పేరాలకు పేరాలు అక్కర్లేదు.

జర్మనీ, ఇటలీ భాగం మామూలుగా ఉంది. 1834 జోల్‌వెరైన్ (జర్మన్ రాజ్యాల సుంకాల కూటమి), 1848 ఫ్రాంక్‌ఫర్ట్ పార్లమెంటు, ప్రష్యా రాజు కిరీటం వద్దనడం, అన్నీ పదో తరగతి పుస్తకం నుంచి ఎత్తినవే. స్కూలు పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్లు ఈ పేజీలు దాటేయొచ్చు.

బ్రిటన్ అధ్యాయంలో అసలు ప్రమాదం ఉంది. 61వ పేజీలో ‘1832 సంస్కరణ చట్టం ద్వారా పారిశ్రామిక కార్మికులకు ఓటు హక్కు లభించింది’ అని రాశారు. ఇది శుద్ధ తప్పు. ఆ చట్టం పట్టణాల్లో ఏడాదికి 10 పౌండ్ల విలువ చేసే ఇంట్లో ఉండేవాళ్లకు ఓటిచ్చింది, అంటే షాపు యజమానులు, చిన్న వ్యాపారులు, వృత్తి నిపుణులు. మిల్లు కార్మికుడి ఇంటికి అంత విలువెక్కడిది? ఇంగ్లండు, వేల్స్‌లలో వయోజన పురుషుల్లో సుమారు ఐదుగురిలో ఒక్కరికే ఓటు దక్కింది. పైగా ఓటరు ‘పురుషుడు’ అని చట్టంలో స్పష్టంగా రాసింది అప్పుడే. పట్టణ కార్మికుల్లో చాలామందికి ఓటు వచ్చింది 1867లో, పల్లె కూలీలకు 1884లో. అప్పటికీ ప్రతి పది మంది మగవాళ్లలో దాదాపు నలుగురికి లేదు. 1832లో కార్మికులకు ఓటు వచ్చేసి ఉంటే, ఆరేళ్లకే 1838లో చార్టిస్టులు (ఓటు హక్కు కోసం ఉద్యమించిన కార్మికులు) ఆరు కోరికల పత్రం ఎందుకు పట్టుకొచ్చారు? 64వ పేజీలో చార్టిస్టుల గురించి రాసినవాళ్లకు 61వ పేజీ కళ్లపడలేదు. ఒకే నోట్సును ఇద్దరు ముగ్గురు పంచుకుని రాస్తే జరిగేది ఇదే.

చార్టిస్టుల పేజీలు మాత్రం బాగున్నాయి. 1839, 1842, 1848 పిటిషన్లు మూడూ ఇచ్చారు, ఆరు కోరికలు వరుసగా ఇచ్చారు. ఒక్క చేర్పు చేసుకోవాలి. ఎంపీలకు ఆస్తి అర్హత 1858లో పోయింది, రహస్య బ్యాలెట్ 1872లో, ఎంపీలకు జీతం 1911లో వచ్చాయి. ఆరింట్లో ఎప్పటికీ నెరవేరనిది ఏటేటా పార్లమెంటు ఎన్నికలన్న కోరిక ఒక్కటే. ఉద్యమం విఫలమైందని రాసి ఆపేసేవాళ్ల జవాబుకూ, ఈ సంవత్సరాలు వేసినవాళ్ల జవాబుకూ తేడా దిద్దేవాళ్లకు ఇట్టే కనిపిస్తుంది.

ధాన్యం చట్టాల భాగం ఈ అధ్యాయంలో మేలైనది. 1815 చట్టం ప్రకారం స్వదేశీ గోధుమ ధర క్వార్టరుకు (అప్పటి ధాన్యపు కొలత) 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమను అమ్మకానికి రానివ్వలేదు. దాని వల్ల భూస్వామికి ఏం మిగిలింది, మిల్లు యజమానికి ఎందుకు మండింది, రొట్టె ధర పెరిగితే కూలి ఎందుకు పెంచాల్సి వస్తుంది అన్నది మెట్టుమెట్టుగా వివరించారు. మాంచెస్టర్ నుంచి కాబ్డెన్, బ్రైట్ నడిపిన ఉద్యమం, ఐర్లండు బంగాళాదుంప కరువు, 1846లో ప్రధాని పీల్ చేసిన రద్దు, దాంతో చీలిన ఆయన సొంత పార్టీ, అన్నీ ఉన్నాయి. మార్చాల్సింది ఏమీ లేదు. మిరప యార్డులో ధరల మాట రోజూ వినే గుంటూరు పిల్లలకు ఈ తర్కం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదనుకోండి.

బానిసత్వ నిషేధానికి ఇచ్చింది మూడు లైన్లు: 1833లో రద్దు, మానవతావాదం, విల్బర్‌ఫోర్స్. ఈ శతాబ్దంలో ఒక హక్కు ఇంకో హక్కును ఢీకొట్టిన అతిపెద్ద కేసు ఇదే కదా! చట్టం అమల్లోకి వచ్చింది 1834 ఆగస్టు 1న. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు ఇచ్చారు, బానిసలకు కాదు, యజమానులకు. మనిషి స్వేచ్ఛను ఒప్పుకుంటూనే, ఆ మనిషి మీద ఇంకొకరి ఆస్తి హక్కునూ ఒప్పుకుని దానికి ధర కట్టారు. విడుదలైన వాళ్లలో చాలామంది ‘అప్రెంటిస్’ పేరుతో పాత యజమాని దగ్గరే 1838 దాకా పని చేయాల్సి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను ఆ చట్టం నుంచి మినహాయించారు కూడా. మన దగ్గరికి 1843లో 5వ నంబరు చట్టంగా వచ్చింది. ఉదారవాద పరిమితులకు ఉదాహరణ కావాలంటే దీన్ని మించింది లేదు.

ఇక బ్రిటిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. 78 నుంచి 96 దాకా ఉన్న ఈ పేజీల కోసమే అయినా 220 పెట్టొచ్చు. ‘ఆన్ లిబర్టీ’ (1859)లోని హాని సూత్రాన్ని (ఇతరులకు హాని జరగకుండా ఆపడానికి తప్ప ఎవరి స్వేచ్ఛలోనూ జోక్యం కూడదన్నది) నిర్వచనంతో సరిపెట్టకుండా ఆయన ఉదాహరణలతోనే వివరించారు. ధాన్యం వ్యాపారులు పేదల కడుపు కొడుతున్నారని పత్రికలో రాస్తే ఎవరూ అడ్డుపడకూడదు. అదే మాట వ్యాపారి ఇంటి ముందు రెచ్చిపోయిన గుంపుకు చెబితే శిక్షించవచ్చు. మాట ఒకటే, చోటు మారింది, ఫలితం మారింది. కూలిపోయేలా ఉన్న వంతెన ఎక్కబోతున్నవాణ్ణి హెచ్చరించే వ్యవధి లేకపోతే పట్టుకుని ఆపొచ్చు, ఎందుకంటే నదిలో పడాలని అతనికి లేదు. ప్రమాదం తెలిసీ వెళతానంటే మాత్రం అతని ఇష్టం. విషం అమ్మకం నిషేధించకూడదు, కానీ సీసా మీద చీటీ అంటించమని, కొన్నవాడి పేరు రిజిస్టరులో రాయమని చెప్పొచ్చు. ఎథిక్స్ పేపరులో కూడా ఈ మూడూ పనికొస్తాయి. చట్టం ఒక్కటే కాదు, సంఘం నోటితో పెట్టే ఒత్తిడి కూడా స్వేచ్ఛకు శత్రువేనన్న మిల్ వాదనను కూడా మర్చిపోకుండా పెట్టారు.

అంత బాగా రాసినవాళ్లు రెండు చోట్ల చేతులెత్తేశారు. మిల్ 1823లో ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో చేరి 1858 దాకా అక్కడే పని చేశాడు. భారతదేశానికి వెళ్లే ఉత్తరాల ముసాయిదాలు రాయడం ఆయన ఉద్యోగం. తన స్వేచ్ఛా సూత్రం ‘వెనకబడిన’ సమాజాలకు వర్తించదని ఆ పుస్తకం మొదట్లోనే చెప్పేశాడు. భారతీయ పాఠకుడికి రాసిన నోట్సులో ఈ మాట లేకపోవడం చిన్న లోపం కాదు. రెండోది స్త్రీల సంగతి. ఎంపీగా ఉండగా 1867 బిల్లులో ‘పురుషుడు’ బదులు ‘వ్యక్తి’ అని మార్చాలని మిల్ సవరణ పెట్టాడు. అనుకూలంగా 73 ఓట్లు, వ్యతిరేకంగా 196. ఓడిపోయింది, కానీ ఆ సభలో స్త్రీల ఓటు మీద ఓటింగు జరగడం ఒక మలుపు. పెళ్లయిన స్త్రీ తన సంపాదన తానే ఉంచుకునే హక్కు 1870లో, సొంత ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో వచ్చాయి. ఆస్తి హక్కు పవిత్రమని శతాబ్దమంతా చెప్పిన దేశంలో భార్య ఆస్తి అప్పటిదాకా భర్తదే.

శతాబ్దం చివర వచ్చిన, ప్రభుత్వ జోక్యాన్ని ఒప్పుకున్న కొత్త ఉదారవాదానికి ఆరు పేజీలిచ్చారు. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త టి.హెచ్. గ్రీన్ 1881 ఉపన్యాసం ఉంది. ఆకలితో ఉన్నవాడు సంతకం పెట్టిన కాంట్రాక్టులో స్వేచ్ఛ ఎంత అన్నదే ఆయన ప్రశ్న. ఇది హఠాత్తుగా ఊడిపడలేదని చూపడానికి 1833 ఫ్యాక్టరీ చట్టాన్ని ముందు పెట్టుకోవాలి. బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు పని నిషేధం, 9 నుంచి 13 ఏళ్ల వాళ్లకు రోజుకు 9 గంటలు, దేశం మొత్తానికి నలుగురు ఇన్‌స్పెక్టర్లు. పిల్లలు స్వేచ్ఛగా ఒప్పందం చేసుకోలేరు కాబట్టి జోక్యం చేసుకోవచ్చన్న సాకుతో తెరిచిన తలుపు, 1844 చట్టంతో ఆడవాళ్ల దాకా వచ్చింది, 1847లో పది గంటల చట్టం వాళ్ల పనిని రోజుకు పది గంటలకు కుదించింది. దాన్ని వ్యతిరేకించినవాళ్లలో రొట్టె ధర కోసం పోరాడిన జాన్ బ్రైట్ ఉన్నాడు!

భారతదేశం మొత్తానికి రెండే పేజీలు. రామమోహన్ రాయ్ 1823 పత్రికా నిబంధనల మీద పెట్టిన పిటిషన్, 1835లో గవర్నర్ జనరల్ మెట్‌కాఫ్ ఇచ్చిన పత్రికా స్వేచ్ఛ, 1878 దేశభాషా పత్రికల చట్టం, 1883 ఇల్బర్ట్ బిల్లు (భారతీయ జడ్జీలు యూరోపియన్లను విచారించేందుకు పెట్టింది). వరుస సరే, కండ లేదు. 1878 చట్టం కింద మేజిస్ట్రేటు చర్య మీద కోర్టుకు వెళ్లే దారే లేదన్నది రాయాలి. ఉదారవాదంలో హక్కు అంటే చివరికి కోర్టు తలుపు కాబట్టి.

మన వైపు సంగతులు అసలే లేవు. గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో ‘క్రెసెంట్’ పత్రిక మొదలుపెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి బ్రిటిష్ పార్లమెంటుకు పిటిషన్లు పంపాడు. శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారన్నది అందులో పెద్ద ఫిర్యాదు. విచారణకు వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. వేళ్లు నొక్కే కిట్టి, మెడనూ కాళ్లనూ కలిపి కట్టి ఎండలో వంచి ఉంచడం, ఇవన్నీ అందులో నమోదయ్యాయి. బ్రిటన్‌లో 10 పౌండ్ల ఇంటివాడికి ఓటు వచ్చిన 1832, ఇక్కడ నందన నామ సంవత్సరం. గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన డొక్కల కరువు ఆ ఏడాదిదే. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిపించిన మొదటి వితంతు వివాహానికి చట్టపు అండ 1856 నాటి 15వ చట్టం. ఆ చట్టంలోనే మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుందని కూడా ఉంది. ఈ పేరా ఒక్కటి సొంతంగా రాసుకుంటే, బ్రాడీపేటలో ఇదే నోట్సు చదివిన మిగతావాళ్ల జవాబుల్లో మీది కలిసిపోదు.

చివరి 30 పేజీలు మాదిరి జవాబులు. దాదాపు ఏ జవాబూ 250 పదాలకు కుదరదు, 400 దాటుతుంది. జనరల్ స్టడీస్‌లో 15 మార్కుల ప్రశ్నకు దొరికేది 11 నిమిషాల లోపే. ‘19వ శతాబ్దపు ఉదారవాదం ప్రజాస్వామ్యానికి దారి వేసిందా, అడ్డుపడిందా?’ అన్న ప్రశ్నకు కాన్‌స్టాంట్ విభజనతో 30 పదాలు, ఫ్రాన్స్, బ్రిటన్ ఓటు అంకెలతో 80, బానిస నష్టపరిహారం, 1781వ అధికరణ, స్త్రీల ఆస్తితో 60, మిల్ నుంచి గ్రీన్ దాకా 50, ముగింపుకు 30. ఈ కొలతతో రెండు మూడు జవాబులు తిరిగి రాస్తే ఆ 30 పేజీలు చించేసినా నష్టం లేదు.

ప్రింటు గురించి. అను ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు సరిచూడలేదు. ‘స్వేచ్ఛ’లో ఒత్తు చాలాచోట్ల ఎగిరిపోయింది, ‘రాజ్యాంగం’ కొన్నిచోట్ల ‘రాజాంగం’ అయింది. 1848 విప్లవాల మ్యాపు కలర్ నుంచి బ్లాక్ అండ్ వైట్‌లోకి తీయడంతో నల్లటి మచ్చగా మిగిలింది. స్పైరల్‌కు రంధ్రాలు అంచుకు మరీ దగ్గరగా వేస్తున్నారు, మొదటి పది పేజీలు త్వరగా ఊడొస్తాయి. విడి షీట్లుగా ఇమ్మని అడిగితే 30 రూపాయలు తగ్గుతుంది, రెండు రంధ్రాల ఫైలులో పెట్టుకుంటే మధ్యలో సొంత కాగితాలు చేర్చుకోవచ్చు కూడా.

డబ్బులిచ్చే ముందు షాపులోనే 61వ పేజీ తిప్పి చూడండి. ఈమధ్య కొన్ని షాపులకు కొత్త ప్రింటు వచ్చింది, అట్ట రంగు అదే. అందులో 1832 లైను సరిచేశారు, ఫ్రాన్స్ పట్టికను రెండు గడులుగా విడదీశారు. పాత ప్రింటు అయితే ఇంకో షాపు చూసుకోవడం మంచిది, ధర రెండింటికీ ఒకటే.